వేలిగోరంత జల్లెడ

కాల్‌గూర్లీలో ఆదివారం మధ్యాహ్నం.
గని దుమ్ము పట్టిన నారింజ చొక్కాలు ఆరు,
విప్పినా వాటంతటవే నిలబడే ప్యాంట్లు రెండు
మెషిన్‌లో కుక్కి తలుపు మూసి నలభై నిమిషాలు.
ఇంకా అడుగు తడవలేదు.
లోపల ధార కాదు, పొడిదగ్గు.
చివరికి మూడు కూతలు కూసి
తెర మీద ఏదో అంకె వేసి చేతులెత్తేసింది.

"పాతదైపోయింది, మార్చేద్దాం" అన్నాడు విరూపాక్ష
సోఫాలోంచి, కళ్లు తెరవకుండానే.
ఏడు రాత్రుల షిఫ్టు దిగి వచ్చిన మనిషి,
ఇప్పుడు దేన్ని చూపించినా మార్చేద్దామనే అంటాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు.
మద్దెలను చేత్తో తిప్పి చూశాను.
నున్నగా తిరిగింది. దానికే రోగమూ లేదు.

కుళాయి సగమే తెరిచి ఉందేమో అనుకున్నాను.
పూర్తిగానే ఉంది.
ప్లగ్ పీకి మెషిన్ను గోడ నుంచి జరిపాను.
కింద ఒంటరి మేజోడు, యాభై సెంట్ల బిళ్ల,
నువ్వే పారేశావని నేను రెండు రోజులు మాట్లాడని
ఆ చెవిదుద్దు శీల.
గొట్టం ఎక్కడా మడత పడలేదు.
విప్పి, కుళాయి కింద బకెట్ పెట్టి లెక్కపెట్టాను.
నలభై లోపే నిండి
నా పాదాల మీదికొచ్చింది.

అంటే నీళ్లున్నాయి.
ముండారింగ్ ఆనకట్ట దగ్గర బయలుదేరి
ఐదువందల అరవై కిలోమీటర్లు
ఇనుప గొట్టంలో, గోధుమ చేల పక్కన,
ఎండిన ఉప్పు మడుగుల పక్కన,
పంపు తర్వాత పంపు ఎక్కి
ఈ ఎర్రమట్టి దాకా వచ్చిన నీళ్లు
నా లాండ్రీ గదిలో, ఆఖరి జానెడు దూరంలో
ఆగిపోయాయి.

మెషిన్ వెనక, గొట్టం బిగించే నోట్లో
వేలిగోరంత ప్లాస్టిక్ జల్లెడ.
పట్టకారుతో మెల్లగా లాగాను, పన్ను పీకినట్టు.

నవ్వొచ్చింది.
వారానికి ఐదు రోజులు నా ఉద్యోగం జల్లెడే.
ల్యాబ్‌లో రాయిని పిండి చేసి
డెబ్బై ఐదు మైక్రాన్ల కన్నంలోంచి జారేదాకా వదలం.
నమూనాకీ నమూనాకీ మధ్య కడగడం మరిస్తే
మా డెనీజ్ ఆ రోజంతా నా పేరు పలకదు.
ఇంట్లో మాత్రం ఆరేళ్లుగా ఒక జల్లెడ ఉందని
నాకు తెలియనే తెలియదు.

కన్నాల నిండా తుప్పు, సున్నం, ఎర్రటి బురద,
ఎక్కడిదో నల్ల రబ్బరు తునక.
పాత టూత్‌బ్రష్, కాస్త వెనిగర్.
ఇది మా ఇద్దరి గురించి కాదు,
ముందే చెబుతున్నాను, జల్లెడ గురించే.
వచ్చినదాన్నల్లా పట్టి ఉంచింది. దాని పని అది చేసింది.
పట్టినదాన్ని ఇలా ఇవ్వమని
ఎవరూ చెయ్యి చాపలేదు.

ఆ బురదను పారబోయబుద్ధి కాలేదు.
టన్ను రాయికి ఒకటో రెండో గ్రాముల బంగారం;
కొండను తవ్వి ఎలుకను పడితేనే
ఈ ఊళ్లో జీతాలు.
అలవాటు చొప్పున గోధుమరంగు కవర్‌లోకి గీకి
పెన్సిల్‌తో రాశాను:
నమూనా ఒకటి. చన్నీళ్ల వైపు. బరువు తెలియదు.

జల్లెడ నొక్కి, గొట్టం బిగించి,
వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి
కుళాయి తిప్పాను. బటన్ నొక్కాను.

ఒక్కసారిగా హోరు.

విరూపాక్ష కళ్లు తెరిచాడు.
"వానా?"

"కాదు, నీ చొక్కాలు."

అయినా లేచి
కిటికీ దాకా వెళ్లి చూశాడు.