ఆరో చిల్లు

కిల్ట్‌కి బెల్టు అక్కర్లేదు, నిజానికి.
కుడి తుంటి దగ్గర రెండు, ఎడమన ఒకటి
దానికి సొంత వారులున్నాయి,
తనను తానే మోసుకుంటుంది.
బెల్టు ఊరికే పైన కూర్చుంటుంది,
పెళ్ళిలో పనేమీ లేని పెదమామయ్యలా.

అయినా టేన్ ఊళ్ళో మా కొట్టుకి
ఏడాదికి నలభైమంది వస్తారు.
అందరూ ప్యాంటు కొలతే చెబుతారు,
అందులోనూ అబద్ధం చెబుతారు.
బొడ్డు ఎత్తున, మడతల బట్ట మీదనే,
ఊపిరి బిగపట్టకుండా కొలవాలి.
ఊపిరి సంగతి మాత్రం
రెండుసార్లు చెప్పాలి.

టార్మడ్ మన్రో ఫిబ్రవరిలో వచ్చాడు.
బ్యాండులో పెద్ద డ్రమ్ము అతనిదే, ఇరవై ఆరేళ్ళుగా.
ముందు కోటు లోపలికొచ్చింది,
అతను తర్వాత వచ్చాడు.
అలా ఉంది చూడ్డానికి.
ఆసుపత్రి మాట అతనెత్తలేదు, నేనూ ఎత్తలేదు.
కాగితం సంచిలోంచి తీసి బల్లమీద పెట్టాడు
వాళ్ళ తాత ఇత్తడి బకిల్.
దాని మీది ముళ్ళపువ్వు అరిగి అరిగి
ఉల్లిపాయ అయింది.

"ముప్పై ఎనిమిది" అన్నాడు.
ముప్పై మూడంది టేపు.
టేపుకి లౌక్యం తెలీదు.

కిల్ట్ వారులు చివరి చిల్లు దాకా లాగి ఉన్నాయి.
వెనక మడతలు ఒకదాని మీదొకటి ఎక్కి
ఆఖరి బస్సులో జనంలా ఇరుక్కున్నాయి.
అప్పుడర్థమైంది,
ఇతనికి కావలసింది పట్టి ఉంచే బెల్టు కాదు,
కప్పి ఉంచేది.

"ముప్పై ఎనిమిదికే చెయ్యి, ఎల్సీ" అన్నాడు,
"వేసవికి నేనే దాని దగ్గరికొస్తా."

ఓక్ బెరడు నీళ్ళలో ఏడాది నానిన తోలు.
వెడల్పు రెండుంపావు అంగుళాలు వాడుక.
రెండున్నర కోశాను, చెప్పకుండా,
బకిల్ దగ్గర మాత్రం సన్నం చేసి.
ఒకచోట ముళ్ళతీగ గీరిన మచ్చ ఉంది.
నాన్నైతే ఆ ముక్క కుక్కకి పడేసేవాడు.
నేను లోపలి మడతలోకి తిప్పి ఉంచాను.
ఎందుకో అడక్కండి.
అంచులు చెక్కి, తడిపి, మైనం పెట్టి
పాత జీన్సు గుడ్డతో రుద్దాను రెండు సాయంత్రాలు,
వేలికి అంచన్నది తగలనంతసేపు.

చిల్లులు ఐదు కొడతాం ఎవరికైనా.
ముప్పై మూడు నుంచి ముప్పై ఎనిమిదికి
అంగుళానికొకటి వేస్తే ఆరు.
"ఆరోది నేను కొడతా" అన్నాడు.
మొదటి దెబ్బ పక్కకి జారింది.
డ్రమ్ము చేతులే అవి, వణికాయి.
రెండో దెబ్బకి
కందిబద్దంత నల్లటి బిళ్ళ ఊడి పడింది.
దాన్ని ఏరి జేబులో వేసుకున్నాడు,
చిల్లర తీసుకోవడం మర్చిపోయాడు.

మొదటి చిల్లులో బిగించి అద్దం ముందు నిలబడితే
మిగిలిన కొస తొడ దాకా వేలాడింది.
"కత్తిరించనా?" అన్నాను నవ్వుతూ.
"ఉండనీ" అన్నాడు నవ్వకుండా.
లోకంలో ఏ పనికైనా
నడుం బిగించమంటారు.
ఇతని పనల్లా
నడుం వదులు చేసుకోవడం.

జులైలో ఆటల పోటీలు. పొద్దుటినుంచీ తుంపర.
బ్యాండు మైదానంలోకి దిగింది,
నేను తాడు పట్టుకుని మునివేళ్ళ మీద లేచాను.
ఏముంది, డ్రమ్ము!
పొట్టకడ్డంగా ఆ చక్రమంత డ్రమ్ము
నా రెండు సాయంత్రాలనీ, తాతగారి ఉల్లిపాయనీ
మొత్తంగా మింగేసింది.
చప్పుడు మాత్రం
నా పక్కటెముకల్లో వినపడింది.

తర్వాత గుడారంలో కనిపించాడు.
ఎన్నో చిల్లో చూద్దామని వంగాను.
బకిల్ మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.
"ఇవాళ కొట్టు సెలవు కదా."
రెండో చేతిలో మటన్ పై,
పళ్ళెంలో ఇంకొకదాని పొట్టు.
కొరికాడు. గ్రేవీ చుక్కొకటి
జారి బెల్టు మీద పడింది.
రుమాలు తీయబోతుంటే ఆపాను.

వదిలెయ్,
తోలుకి కొవ్వు మంచిదే.