నీళ్ళు నమలని మనిషి

మేయర్ ఓరిన్ హాస్కెట్ గదిని
ఎనిమిదేళ్ళు నేనే తుడిచాను.
బల్ల కింద చూస్తే మనిషి తెలిసిపోతాడు:
ముందరాయన పోతూ సిగార్ బూడిద మిగిల్చాడు,
ఈయన బూట్ల నుంచి రోజూ తడి మట్టి.

ఐసు బండి తోలినవాడు.
సరస్సు గడ్డకట్టిన జనవరుల్లో
నీటిని రంపంతో పలకలుగా కోసి
పొట్టులో దాచి జూలైలో అమ్మినవాడు.
ఎడమచేతి రెండు వేళ్ళు ఆ సరస్సుకే ఇచ్చేశాడు.
ఎన్నికల్లో ఆ చెయ్యే ఊపేవాడు,
"మిగతా రెండూ మీ నిమ్మరసంలో ఉన్నాయి" అని.
వెస్లింగ్ పోర్ట్ పగలబడి నవ్వి
ఓటేసింది, పంతొమ్మిది వందల ఐదులో.

మరుసటి వేసవి టైఫాయిడ్.
మిల్లు వెనక మా స్లోవాక్ ఇళ్ళల్లో
తలుపు తలుపుకీ నల్లగుడ్డ.
మా చెల్లెలు జుజానా దాహం దాహం అంటూ
ఏ నీళ్ళు చంపుతున్నాయో
ఆ నీళ్ళే అడిగింది.
నేనే పట్టాను.

కౌన్సిల్ సభలో మేయరు
మా బావి నీళ్ళు గాజు గ్లాసులో తెచ్చిపెట్టాడు.
"పెద్దల్లో ఎవరైనా, ఒక్క గుక్క."
గోడ గడియారం తప్ప ఏదీ కదల్లేదు.
ఆ నిశ్శబ్దంలోనే గొట్టాలకి డబ్బు మంజూరైంది.
గ్లాసు కడిగింది నేను.
మూడుసార్లు కడిగాను.

తవ్వారు, పూడ్చారు, బ్యాండు మోగింది.
కాంట్రాక్టు మాత్రం ఆయన బావమరిది క్లెమ్‌ది.
ఇనుము పల్చన.
పన్నెండో సంవత్సరం చలికి
ఏడో వార్డు పొడవునా గొట్టాలు పగిలి
వీధులన్నీ అద్దాలై
పాలబండి గుర్రాలు మోకాళ్ళ మీద కూలబడ్డాయి.

విచారణ రోజు
చీపురు పట్టుకుని తలుపు పక్కనే ఉన్నాను.
"మీకు ముందే తెలుసా, తెలీదా?"
ఎవరి ముందూ నీళ్ళు నమలని మనిషి
ఆ రోజు నమిలాడు.
చాలాసేపు.
అప్పుడు, "తెలుసు" అన్నాడు.

అరవై ఒక్క ఓట్లతో ఓడిపోయాడు.
మాకు, ఆడవాళ్ళకి, అప్పటికింకా ఓటు లేదు.
ఉండి ఉంటే ఎటు వేసేదాన్నో
ఇప్పటికీ తేలలేదు.
పదవికి నీళ్ళొదులుకుని వెళ్ళేటప్పుడు
గోడకున్న ఐసు పట్టుకారు ఒక్కటీ తీసుకుని
"ఈ మేకు పీకించు, ఎవరి కోటైనా చిరుగుతుంది" అన్నాడు.
పీకించలేదు.

గొట్టాలు తర్వాత మార్చారు. కొత్త మేయరు
పంపు మీద తన పేరు చెక్కించుకున్నాడు.
నా మనవరాలు కుళాయి తిప్పి
గ్లాసులోకి చూడనైనా చూడదు,
గటగటా తాగేసి ఆటకి పరిగెడుతుంది.
నేనింకా దీపం దగ్గరికి ఎత్తి చూస్తాను,
చూశాకే తాగుతాను.