ఖాళీ ఉన్న పేర్లు

రువైస్. రాత్రి రెండుంబావు.
పోర్టా క్యాబిన్‌లో ఏసీ కింద బకెట్టు నిండుతోంది.
షట్‌డౌన్ అయిపోయింది. తెల్లారేసరికి
నాలుగు వందల పన్నెండు టైమ్‌షీట్లు
పేరు ముందు నెల తగిలించి అబుదాబి పంపాలి.

రొడెల్ పోతూ పోతూ
షవర్మా బిల్లు వెనక మూడు లైన్లు రాసిచ్చాడు.
ఫర్ అంటే ఒక్కొక్కణ్ణీ పిలువు,
డూ అంటే పని చెప్పు,
డన్ అంటే ఇంకెవడూ మిగల్లేదు.
"ఎఫ్ ముందు డాలర్ మర్చిపోకు," అన్నాడు.
గల్ఫుకొచ్చి డాలర్ని మర్చిపోయేదెవడు!

ఎంటర్ నొక్కాను.
నాలుగున్నరకి బస్సు మెట్ల దగ్గర
అబ్దుల్ గఫార్ భుజాలు తట్టి లెక్కపెట్టినట్టు
ఒకడి వెనక ఒకడు.
ఆ రెప్పపాటు ఎవడొచ్చినా వాడి పేరు ఎఫ్.
ఫోర్‌మన్ ఎఫ్, టీ పోసే కుర్రాడూ ఎఫ్.

ఇంతలో తెర నిండా తిట్లు.
మ్యాకల: అలాంటి ఫైలు లేదు.
పోశెట్టి: అలాంటి ఫైలు లేదు.
రెండేళ్ళుగా నా పై మంచంలో గురకపెడుతున్న మనిషిని
ఇంటిపేరు దగ్గర పుటుక్కున విరిచి
ఏ ముక్కా లేదంటుంది.
షేక్ ఒకడట, మహబూబ్ ఒకడట, బాషా ఒకడట,
ముగ్గురూ లేరట.
అరవై ఎనిమిది గంటల ఓవర్‌టైమ్ మరి ఎవడు చేశాడు?

పేరులో ఖాళీ కనబడితే చాలు
మనిషి అక్కడికి అయిపోయాడనుకుంటుంది.

ఫోన్ చేస్తే నిద్రలోనే గొణిగాడు రొడెల్:
"ఎల్‌ఎస్ తీసెయ్. స్టార్ పెట్టు. కోట్స్ పెట్టు."
పెట్టాను, డాలర్ ఎఫ్‌కి అటొకటి, ఇటొకటి,
పొడుగాటి స్కాఫోల్డింగ్ పైపుని
ముందొకడూ వెనకొకడూ ఎత్తుకున్నట్టు.
ఈసారి పోశెట్టి విరగలేదు.
ఇంటిపేరూ ఖాళీ పోశెట్టీ
కలిసే మార్చిలోకి నడిచి వెళ్ళారు.

ఒంటిపేరు లింబాద్రి ఒక్కడికే
మొదటి విడతలోనే పనయిపోయింది గనక
మార్చి రెండుసార్లు పడింది.
వాడెలాగూ రెండు నెలల జీతం
అడుగుతూనే ఉన్నాడు.
నవ్వొచ్చింది, దిద్దాను.

చివర్న నైట్‌షిఫ్ట్ ఫోల్డరు.
అందులో ఎవరూ లేరు,
పోయిన గురువారమే విమానం ఎక్కేశారు.
అయినా లూపు ఒకసారి తిరిగింది.
పిలవడానికి మనిషి దొరక్క
ఆ స్టార్ గుర్తునే పేరనుకుని పిలిచి
లేడని చెప్పి వెనక్కొచ్చింది.

అబ్దుల్ గఫార్ కూడా నిన్న
పద్నాలుగో గది తలుపు కొట్టాడు.
తాళం వేసింది తనే.

బకెట్టు పారబోసి వచ్చాను.