దాన్ రాని మాట

షిఫ్టు దిగేక చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని
క్యాంటీన్లో కూర్చుంటాం పదకొండుమందిమి.
ఎంత రుద్దినా వేళ్ళకి రొయ్యే, పుస్తకానికీ రొయ్యే.
ఏసుపాదం మాస్టారు పాపం ఏమీ అనరు,
కిటికీ పక్కకి జరిపించుకున్నారు బోర్డు.
ఓల్డర్. ఎల్డర్. సీనియర్. జూనియర్.

వచ్చే నెల బయ్యర్లొస్తారంట, సముద్రం దాటి.
నీ వయసెంత, నీ పైన ఎవరు?
ఈ రెంటికీ తడుముకోకుండా చెబితే
జూనియర్ పీలర్ కాస్తా సీనియర్,
నెలకి పన్నెండొందలు ఎక్కువ.

ఇరవైమూడేళ్ళ జూనియర్ని నేను.
నా పైన ప్రణీతు బాబు, మొన్ననే మీసమొచ్చింది.
వాళ్ళమ్మ వాణ్ణి కడుపుతో ఉండి ఈ షెడ్డుకే వచ్చేది,
ఐసు పెట్టె ఆవిడ చేతిలోంచి లాక్కున్నది నేనే.
"సీనియర్ పక్కన దాన్ రాదు, టూ వస్తుంది.
ప్రణీత్ ఈజ్ సీనియర్ టూ మరిడమ్మ."
అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను.

మా లెక్క తెలిసినోళ్ళకి ఇందులో వింతేముంది?
ముప్ఫై కౌంటంటే అరచేతికి నిండైన రొయ్య,
వంద కౌంటంటే చిటికినవేలంత.
అంకె పెరిగేకొద్దీ మనిషి చిన్నదవుద్ది.
రొయ్య అనబోయి మనిషన్నాను, ఉండనీండి.

వయసెంతంటే ఏం చెప్పను?
ఆధార్లో జనవరి ఒకటి.
మా ఊళ్ళో సగంమందిమి ఆ రోజే పుట్టేం,
కార్డులు రాసినోడి పుణ్యాన.
అమ్మ లెక్క వేరు: ఎనభై ఆరు వరదకి
ఏటిగట్టు మీద, పట్టా కింద.
ఎటు చూసినా నీళ్ళే, నాకు పోయడానికి
చెంబుడు మంచినీళ్ళు లేవంట.
ఆరేళ్ళ అక్క నన్ను ఒళ్ళో పెట్టుకుని
వాన్ని బూతులు తిట్టిందంట.

"ఓల్డర్ దేనికైనా వాడొచ్చు,
పంటుకీ, లాకులకీ, చెప్పులజతకీ.
ఎల్డర్ మాత్రం ఇంట్లోవాళ్ళకే.
ఒక్కో వాక్యం రాయండమ్మా."

మా అక్క నూకరత్నం.
తొంభై ఆరు తుపానుకి పదహారేళ్ళు.
గొడ్ల పలుపులు విప్పొస్తానని వెళ్ళింది.
గొడ్లొచ్చేయి.

నా చిన్నకూతురు కూడా దాటేసింది దాని వయసు.
రాసేను:
ఐ యామ్ ఓల్డర్ దాన్ మై ఎల్డర్ సిస్టర్.
మాస్టారు ఎర్రపెన్ను తీసేరు.
"అదెలా కుదురుద్దమ్మా, ఇద్దర్లో ఒకళ్ళే కదా..."
నా మొహం చూసేరు.
పెన్నుకి మూత పెట్టేసి
బోర్డుకేసి తిరిగి, ఎవరికో చెప్పినట్టు,
"ఎల్డర్ పక్కన కూడా దాన్ రాదు.
ఆ మాటని ఎవరితోనూ పోల్చరు" అన్నారు.

బయ్యరు అడిగితే ప్రణీతు బాబు పేరే చెబుతానండి,
ఆయ్, పన్నెండొందలు ఊరికే వస్తాయా.

రాత్రి ముమ్మిడివరం ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాం.
కొత్తగా చేరిన పిల్ల ఒళ్ళో సంచి సర్దుకుని,
"అక్కా, ఇలా రా" అని చోటిచ్చింది.
ఎవర్ని పిలిచిందోనని
నేను ఒకసారి పక్కకి చూసేను.