మొప్పల ఎరుపు

వార్డోలో నవంబరు చివర దిగిపోయిన సూర్యుడు
జనవరి మూడోవారం దాకా మొహం చూపడు.
అన్నాళ్ళూ మా ఊరంతా ఉడికిన బంగాళాదుంపలమే.
పాలిపోవడం మా కాలెండర్లో ఒక ఋతువు.

అందుకే సోల్‌ఫ్రిద్ మెట్ల మధ్యలో ఆగి
గోడకి చెయ్యానించినప్పుడు
"చీకటి పట్టింది, పోతుందిలే" అన్నాను.
తనూ అదే అంది.

తెల్లబోవడం నాకు తెలియంది కాదు.
వలతాడు కాలికి చుట్టుకున్న రోజు
నా మొహంలో నెత్తురు లేదన్నారు,
కాఫీ చల్లారేలోగా తిరిగొచ్చింది.
కొత్త కుర్రాడు ఐవర్ అలల మీద తెల్లబడతాడు,
రేవురాళ్ళ మీద కాలు పెడితే సరి.
చలికి కొయ్యబారిన వేళ్ళు
చంకలో దాచుకుంటే మంటెత్తి ఎర్రబడతాయి.
దేని గడువు దానిది.

కోటలో ఫిరంగి పేలింది. పిల్లలకి బడి సెలవు.
మంచు మీద వెలుగు, ఒక చెంచాడు.
ఫిబ్రవరికి అందరి బుగ్గలూ తేరుకున్నాయి.
మార్చి వచ్చినా
సోల్‌ఫ్రిద్ మొహాన అదే కొవ్వొత్తి మైనం.
రాత్రిళ్ళు ఐసుముక్కలు కరకరా నమిలేది.
చెవిలో సముద్రం కొట్టుకుంటోందనేది.
సముద్రం పక్కనే కదా ఉన్నాం, అని నవ్వాను.

డాక్టర్ ఇంగ్విల్డ్ ఏమీ అడక్కముందే
కింది కనురెప్పని బొటనవేలితో లాగింది.
నేనూ తొంగి చూశాను.
ముప్పై రెండేళ్ళుగా మొప్పలెత్తి చూసి
ఇది ఇవాళ్టిది, ఇది మొన్నటిది అని
గుడ్డిదీపం కిందైనా చెప్పేవాణ్ణి.
ఆ రెప్ప మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు.

మోకాలినొప్పికి మింగిన మాత్రలు
కడుపులో పుండు చేశాయట.
చుక్కచుక్కగా, పండగ ముందు నుంచీ.
విరేచనం తారులా నల్లగా ఉందని
తను చెప్పలేదు. నేను అడిగితే కదా.

"ఎన్నాళ్ళకి రంగొస్తుంది?"
"పుండు మానాలి. ఐరన్ మాత్రలతో కొన్ని వారాలు.
రంగొచ్చిందని మానెయ్యొద్దు, ఇంకొన్ని నెలలు."
ఆగి, నావైపు తిరిగి అంది:
"ఆయాసం, గుండెదడ, కళ్ళు తిరగడం, ఆ నలుపు...
వీటికి ఫిరంగి కోసం కాచుకోరు.
ఒక చెయ్యో కాలో ఉన్నట్టుండి తెల్లబడి చల్లబడితే
గంట కూడా ఆగరు."

ఇప్పుడు జూన్.
సూర్యుడు పడుకోవడం మానేశాడు.
పొద్దున్నే అద్దం ముందు సోల్‌ఫ్రిద్
తన రెప్ప తనే కిందికి లాగి
"తాజాదేనా?" అంటుంది.

కళ్ళజోడు వెతుక్కుని మరీ చూస్తాను.