తినకూడని పంట

క్యాంపస్ పటంలో ఈ చోటికి పేరు లేదు.
బూడిదరంగు గళ్ళు, అంతే.
లైబ్రరీ వెనక, సైకిళ్ళ షెడ్డు దాటాక
ఒకప్పుడు జింకు కరిగించిన పదకొండెకరాలు.

అక్టోబరు. సైలీషియాలో తొమ్మిదైతే గానీ
పొగమంచు లేవదు.
నా పని చిన్నది: సీసాలకి చీటీలు అతికించడం.
ఏ గుంట, ఎంత లోతు, ఏ తారీఖు.
లోపల ఏముందో తేల్చడం ప్రొఫెసర్ విస్వావా పని.
సీసం, కాడ్మియం, ఆర్సెనిక్...
హాజరు పిలిచినట్టు చదువుతుంది.
ఎవరూ గైర్హాజరు కారు.

పాత నక్షాలో ఆమ్లం తొట్టి తూర్పు కంచె దగ్గరుంది.
మూడు రోజులు అక్కడే తవ్వాం.
ఇసుక. ఒక గుర్రపు నాడా. మళ్ళీ ఇసుక.

నాలుగో రోజు కంచె అవతల నుంచి,
చంకలో రొట్టె పెట్టుకుని ఒక ముసలాయన
"అక్కడ కాదమ్మా" అన్నాడు.
పేరు గింటర్. కొలిమి దగ్గర ఇరవయ్యారేళ్ళు.
బూట్లకి తొడుగులిస్తే నవ్వాడు:
"ఇప్పుడా?"

గేటు ఉండిన చోట ఆగి
హాజరు బిళ్ళ కోసం జేబు తడుముకున్నాడు.
అక్కణ్ణుంచి అడుగులు లెక్కపెట్టాడు
పెదవులు కదుపుతూ, వాళ్ళ యాసలో,
ఇక్కడే పుట్టిన కాలీనాకి కూడా సగమే తెలిసిన యాసలో.
లేని గోడని చుట్టి వెళ్ళాడు.
లేని మెట్టు దగ్గర కాలెత్తి వేశాడు.
నూట పద్నాలుగో అడుగున
మడమతో నేలని తట్టాడు.
"రాత్రి షిఫ్టుల్లో నిద్రపోతూ నడిచేవాళ్ళం."

డ్రిల్లు మూడు మీటర్లు దిగి
నల్లగా, తడిగా, పాత బ్యాటరీ వాసనతో పైకొచ్చింది.
విస్వావా చాలాసేపు ఏమీ అనలేదు.
తూర్పు తొట్టిని పెన్సిలుతో కొట్టేసి
పడమర ఒక సున్నా చుట్టింది.
చీటీ మీద గుంట నంబరుండాల్సిన చోట
నేను గింటర్ అని రాశాను.
ఆమె దిద్దలేదు.

వసంతంలో విల్లో కొమ్మలు గుచ్చాం.
వేళ్ళతో విషం తాగుతాయి.
మూడేళ్ళకోసారి కొయ్యాలి, కాల్చాలి,
బూడిదని డబ్బాల్లో మూసి లెక్క రాయాలి.
ఎన్ని కోతలు? కాలీనా అడిగింది.
విస్వావా కళ్ళజోడు తుడుచుకుంది.
"నీ మనవరాలు ఇక్కడ చాప పరుచుకోవచ్చు.
పరుచుకోకపోనూవచ్చు."

గింటర్ మంగళవారాలు వస్తాడు.
ఆకు తుంచి వాసన చూసి,
పారేసి, చేతులు కడుక్కుంటాడు.

మొన్న సెప్టెంబరులో కంచె వారన
ఎవరూ నాటని ఆపిల్ చెట్టు కాసింది.
ఏ షిఫ్టువాడో భోజనాల వేళ ఉమ్మిన గింజ.
తినరాదని బోర్డు పెట్టాం.
గింటర్ ఒకటి కోసి, కోటుకి తుడిచి,
అటూ ఇటూ తిప్పి
నా చేతిలో పెట్టాడు.
"దీనికీ ఒక సీసా."

ముక్కలు చేశాను. చీటీ అతికించాను.
సాయంత్రం దాకా ల్యాబంతా
మంచి వాసన.