ఉద్దెర

బోరబండ గల్లీలో రాత్రి పదకొండు.
షట్టర్ సగం దించి అమ్మ ఖాతా చూస్తోంది.
బియ్యం బస్తాకు ఆనుకుని నేను
రస్ట్ నేర్చుకుంటున్నా.
పేరుకు తుప్పే, మా షట్టర్‌కు పట్టినట్టు.

తెర మీద ముప్పై రెండు తప్పులు.
ఇచ్చేసిన విలువను మళ్లీ ముట్టుకోవద్దట.
పైథాన్ ఎన్నడూ అడగలేదు
ఎవరి సొత్తు, ఎవరికి ఉద్దెర, ఎప్పటిదాకా అని.

తల పట్టుకుంటే, ఏమైందే అంది.
చెప్పాను, వచ్చినంత.

వేలు పేజీ మీదే ఉంచి అమ్మ:
"మన నిచ్చెన జుబేదా ఇంట్ల ఉంది.
ఇచ్చినంత మాత్రాన ఆమెదైతదా?
వాపసొచ్చేదాక ఇంకొకలకు మాటియ్య.
గంతే గదా?"

గంతే.

పేరు ముందు చిన్న గుర్తు పెట్టి
మళ్లీ నడిపించాను.

ముప్పై ఒకటి.